లొరెట్టా లిన్: మొదటి ఆరేళ్లు

అమెరికాలో కంట్రీ మ్యూజిక్ అంటే అక్కడి పల్లెజనం పాటల్లోంచి వచ్చిన సంగీతం, దాంట్లో పెద్ద పేరున్న సింగర్ లొరెట్టా లిన్. ఆవిడ పాటలు వినడం మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నేనెప్పుడూ ఒకటే చెప్తా, ముందు 1960లో వచ్చిన 'ఐయామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్' పెట్టుకోండి, అది అవ్వగానే మధ్యలో ఇంకేం వినకుండా 1966లో వచ్చిన 'యూ ఎయింట్ ఉమన్ ఎనఫ్' పెట్టుకోండి. రెండూ పట్టుమని మూడు నిమిషాలు కూడా ఉండవు. రెండూ రాసింది ఆవిడే, పాడింది ఆవిడే, అయినా వింటుంటే ఇద్దరు వేరే వేరే ఆడవాళ్లు పాడినట్టుంటుంది. మొదటి పాటలో గొంతు బాగుంది, శ్రుతి తప్పలేదు, కానీ ఎవర్నో మనసులో పెట్టుకుని వాళ్లలాగా పాడదామని చూస్తోంది. రెండో పాటలో నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎదుటిమనిషి కళ్లలోకి చూస్తూ మాట్లాడుతోంది, ఇంకెవరూ గుర్తురారు. ఈ ఆరేళ్లలో ఏం జరిగింది అనేదే ఆవిడ మొత్తం జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఆ తర్వాత 1972లో సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్ అవార్డు తీసుకున్న మొదటి ఆడమనిషి అవ్వడం, ఆవిడ కథ సినిమాగా రావడం, 2013లో ప్రెసిడెన్షియల్ మెడల్, ఇవన్నీ ఎక్కడ వెతికినా దొరుకుతాయి, ఈ మొదటి రోజుల గురించే మనవాళ్లు ఎవరూ రాయరు.

పుట్టింది 1932 ఏప్రిల్ 14న, అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో తూర్పు వైపు కొండల్లో బుచర్ హాలో అనే చోట. ఊరు అని కూడా అనలేం, కొండల మధ్య సందులో అక్కడొకటి ఇక్కడొకటి చెక్క ఇళ్లు, పక్కనే వ్యాన్ లియర్ బొగ్గు గనులు. నాన్న టెడ్ వెబ్ గనిలో పని, అమ్మ పేరు క్లారా, ఎనిమిది మంది పిల్లల్లో లొరెట్టా రెండోది. గోడల సందుల్లోంచి చలిగాలి దూరకుండా వాళ్లమ్మ పత్రికల కాగితాలు తెచ్చి గోడలకి అతికించేదట, అలా గోడ మీదున్న సినిమా స్టార్ లొరెట్టా యంగ్ బొమ్మ చూసి పిల్లకి ఆ పేరు పెట్టింది. తర్వాత నాన్న ఒక రేడియో కొన్నాడు, శనివారం రాత్రి కంట్రీ పాటలకి కేంద్రమైన నాష్‌విల్ నుంచి డబ్ల్యూఎస్ఎం స్టేషన్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అని స్టేజీ మీద నుంచి లైవ్‌గా కంట్రీ పాటల ప్రోగ్రాం వచ్చేది, బ్యాటరీ అయిపోతుందని మిగతా రోజుల్లో పొదుపుగా వాడుకుని ఆ రోజు కోసం దాచుకునేవాళ్లు. ఇంట్లో అమ్మ పాడేది, చర్చిలో అందరూ పాడేవాళ్లు, పిల్లల్ని నిద్రపుచ్చుతూ పెద్దపిల్లలు పాడేవాళ్లు. ఇది ఉద్యోగం అవుతుందని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అనుకుని ఉండరు.

మాది బెల్లంపల్లి వైపు, తాత సింగరేణి బొగ్గుబాయిలో చేసి రిటైరయ్యాడు, అందుకే ఈ భాగం చదివినప్పుడు నాకు వేరే దేశం కథలా అస్సలు అనిపించలేదు. షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి ఎంత రుద్ది కడుక్కున్నా కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా ఉండిపోవడం, రాత్రుళ్లు ఆ దగ్గు, వేళ కాని వేళలో సైరన్ మోగితే ఆడవాళ్లు చేతిలో పని చేతిలోనే వదిలేసి వాకిట్లోకి రావడం, ఇవి తెలిసినవాళ్లకి లొరెట్టా వాళ్ల నాన్న గురించి రాసిన పాట ఎందుకు అంత నెమ్మదిగా, అంత గర్వంగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. 'కోల్ మైనర్స్ డాటర్' అనే ఆ పాట 1970లో వచ్చింది, దేశమంతా మోగింది, కానీ ఆయన వినలేదు. గనిలో పని పోయాక కుటుంబం ఇండియానా రాష్ట్రంలో వాబాష్ అనే ఊరికి వెళ్లిపోయింది, 1959లో 52 ఏళ్లకే ఆయన పోయాడు. కూతురి మొదటి రికార్డు వచ్చింది ఆ మరుసటి ఏడాది. ఒక్క ఏడాది తేడా, నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా కడుపులో దేవినట్టు ఉంటుంది.

పెళ్లి 1948 జనవరిలో. చాలా ఏళ్లు 13 ఏళ్లకే పెళ్లయిందని అందరూ రాశారు, ఆవిడా అలాగే చెప్పింది, 2012లో పాత కాగితాలు బయటికొచ్చాక తేలింది ఏంటంటే అప్పటికి 15 నిండాయి. 13 అయినా 15 అయినా పిల్లే కదా. పెళ్లికొడుకు ఆలివర్ లిన్, అందరూ డూలిటిల్ అనేవాళ్లు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన 21 ఏళ్ల కుర్రాడు, గనిలో దిగడం ఇష్టం లేక దేశానికి ఆ చివర, కెనడా బోర్డర్ దగ్గర వాషింగ్టన్ రాష్ట్రంలో కస్టర్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లిపోయాడు. లొరెట్టా అప్పటికి కడుపుతో ఉంది. అమ్మా నాన్నా ఎక్కడో, ఇక్కడ ఒక్క మనిషీ తెలీదు. వరసగా నలుగురు పిల్లలు. పొలాల్లో స్ట్రాబెరీలు కోసే పనికి వెళ్లేది, ఇళ్లల్లో వంటా బట్టలుతకడం చేసేది. పదేళ్లకి పైగా ఇదే జీవితం. కెరీర్ గురించి రాసేవాళ్లు ఈ పదేళ్లని ఒక లైన్లో దాటేస్తారు, నాకు మాత్రం ఆవిడ పాటల సరుకంతా అక్కడే పోగయిందనిపిస్తుంది, ఆ పొలంలో పక్కన కూర్చుని కోసే ఆడవాళ్లు ఏం మాట్లాడుకుంటారు, ఎవరి మొగుడు జీతం తాగేశాడు, ఎవరి మొగుడు ఇంటికే రావట్లేదు, ఇదంతా చెవిన పడుతూనే ఉంటుంది కదా.

పిల్లల్ని పడుకోబెడుతూ పాడుతుంటే డూలిటిల్ విన్నాడు, రేడియోలో పాడేవాళ్ల కంటే ఇదేం తక్కువ అనుకున్నాడు. 1953లో సియర్స్ అనే పెద్ద స్టోర్ నుంచి 17 డాలర్లు పెట్టి ఒక హార్మనీ గిటార్ కొని ఇచ్చాడు. ఈ గిటార్ కథ అమెరికాలో ఎంత పాపులర్ అంటే మొత్తం క్రెడిట్ అంతా ఆ గిటార్‌కీ, కొనిచ్చిన మొగుడికీ వెళ్లిపోతుంది. ఆయన నమ్మకం లేకపోతే ఈవిడ గడప దాటేది కాదు, అది ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది, నేను కాదనను. కానీ కొనిచ్చిన తర్వాత ఏం జరిగిందో చూడండి. నేర్పేవాళ్లు లేరు. పిల్లలు పడుకున్నాక కూర్చుని ఏ తీగ మీద ఏ వేలు పెడితే ఏం వస్తుందో తనే వెతుక్కుంది. పాట ఎలా రాయాలో తెలీదు, కంట్రీ సాంగ్ రౌండప్ అని పాటల సాహిత్యం అచ్చేసే పత్రిక ఒకటి వచ్చేది, అది ముందు పెట్టుకుని ఏ లైన్ చివర ఏ మాటకి ప్రాస కలుస్తోంది, చరణం ఎంత పొడుగుంది, పల్లవి ఎక్కడ తిరిగొస్తోంది అని చూసుకుంటూ నేర్చుకుంది. చదువు చూస్తే పల్లెటూరి బడిలో కొన్నేళ్లే. జనం ముందు నిలబడి పాడటానికి ఇంకో ఆరేడేళ్లు పట్టింది, ఈ ఆరేడేళ్ల సాధన గురించి ఎవరూ సినిమా తీయరు, చూపించడానికి అందులో ఏమీ జరగదు కాబట్టి, ఒక మనిషి వంటింట్లో కూర్చుని అదే ముక్క మళ్లీ మళ్లీ వాయించడం తప్ప.

మొదట పాడింది కస్టర్‌లో డెల్టా గ్రేంజ్ హాల్‌లో, అది అక్కడి రైతుల హాలు, శనివారం సాయంత్రాలు డాన్సులు జరిగేవి. తర్వాత బ్లెయిన్ అనే బోర్డర్ ఊళ్లో బిల్స్ టావెర్న్ అని ఒక బార్. తమ్ముడు జే లీ వెబ్ గిటార్‌తో కలిశాడు, బ్యాండ్ పేరు ట్రైల్‌బ్లేజర్స్. అప్పట్లో అదే రాష్ట్రంలో టకోమా అనే ఊళ్లో బక్ ఓవెన్స్ అనే కంట్రీ సింగర్ ఒక టీవీ షో చేసేవాడు, ఆయనకీ ఇంకా పెద్ద పేరు రాలేదు అప్పటికి, ఆ షోలో టాలెంట్ పోటీలో గెలిస్తే లొరెట్టాకి చేతి గడియారం ఇచ్చారు. గడియారం సంగతి అలా ఉంచండి, వాంకూవర్‌లో నార్మ్ బర్లీ అనే కలప వ్యాపారి ఆవిడ పాట విని, ఈ గొంతు రికార్డు చెయ్యాల్సిందే అని డబ్బులు పెట్టడానికి ముందుకొచ్చాడు. జీరో రికార్డ్స్ అని ఒక చిన్న కంపెనీ, దాంట్లో ఈవిడతో 1960 ఫిబ్రవరిలో అగ్రిమెంట్ రాసుకున్నారు. మ్యూజిక్ వ్యాపారంలో అందరూ దోచుకునేవాళ్లే ఉంటారంటారు గానీ ఈ బర్లీ లాంటి మనిషి కూడా ఉన్నాడు, తర్వాత పెద్ద కంపెనీలో చాన్స్ కుదిరే టైముకి పైసా అడక్కుండా అగ్రిమెంట్ నుంచి వదిలేశాడు.

ఇక ఆ మొదటి రికార్డు. లాస్ ఏంజిలిస్‌లో వెస్టర్న్ రికార్డర్స్ స్టూడియోకి తీసుకెళ్లారు. అక్కడ స్టీల్ గిటార్ వాయించింది స్పీడీ వెస్ట్, ఆ రోజుల్లో ఆ వాయిద్యం మీద అంత పేరున్నవాళ్లు ఇంకొకరిద్దరు ఉంటారేమో. స్టీల్ గిటార్ అంటే ఒడిలోనో స్టాండ్ మీదో పడుకోబెట్టి తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయించేది, సాగుతూ ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది, మన పాత సినిమా పాటల్లో హవాయన్ గిటార్ ఉంటుంది చూడండి, దాని చుట్టమే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పాటలో ఆ స్టీల్ గిటార్ చాలా హుషారుగా ఉంటుంది, మాటలు మాత్రం ఏడుపు. హాంకీ టాంక్ అంటే అక్కడ చవక బారు, జ్యూక్‌బాక్స్‌లో పాటలు, తాగుడు, డాన్సు. మొగుడు వదిలేసిన ఒక ఆడమనిషి అలాంటి చోటికి చేరి బాధ మర్చిపోదామని చూడటం, అదీ పాట. లొరెట్టా పాడే బార్‌కి వచ్చి ఒక మూల కూర్చుని తాగుతూ ఏడ్చే ఒకావిడని చూసి రాసిందట. అంటే చూడండి, మొదటి పాట నుంచే విషయం ఎక్కడ దొరుకుతుందో ఆవిడకి తెలుసు. ఎదురుగా కూర్చున్న ఆడమనిషి దగ్గరే.

తెలియంది ఎలా పాడాలి అన్నదే. ఆ పాటలో వినిపించేది కిటీ వెల్స్. కిటీ వెల్స్ 1952లో బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం వేసే కంట్రీ హిట్ పాటల లిస్టులో, అంటే చార్ట్‌లో సొంతంగా నంబర్ వన్ కొట్టిన మొదటి ఆడ సింగర్, ఆ తర్వాత పాడాలనుకున్న ప్రతి అమ్మాయికీ ఆవిడే గురువు, ముక్కుతో కొంచెం దీనంగా, తల వంచుకుని చెప్తున్నట్టు పాడుతుంది. లొరెట్టా కూడా రేడియోలో విని విని అదే పట్టేసింది, ప్రతి లైన్ చివర ఆ చిన్న విరుపు కూడా. తప్పేం లేదు, ఎవరైనా అలాగే మొదలవుతారు. కానీ ఆ పాట వింటే ఏడుస్తున్న మనిషి వేషం వేసుకున్న ఇంకో మనిషి కనిపిస్తుంది నాకు, లొరెట్టా ఇంకా తెర వెనకాలే ఉంది.

రికార్డు వచ్చింది మార్చిలో, కంపెనీకి పంపిణీ చేసే సత్తా లేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంట్లో కూర్చుని రికార్డులు కవర్లలో పెట్టి, డూలిటిల్ తీసిన ఫోటో ఒకటి జతచేసి రేడియో స్టేషన్ల అడ్రసులన్నిటికీ పోస్ట్ చేశారు. తర్వాత కారెక్కి బయల్దేరారు. దార్లో టవర్ కనిపిస్తే చాలు ఆపడం, లోపలికెళ్లి డీజేని అడగడం, సార్ మా పాట ఒక్కసారి వేస్తారా అని. కార్లోనే నిద్ర, బ్రెడ్డు మధ్య బలోనీ మాంసం ముక్క, చీజు పెట్టుకుని తినడం, ఇంటర్వ్యూ ఉంటే వెనక సీట్లోనే మంచి గౌను మార్చుకోవడం. అప్పటి రేడియో ఇప్పట్లా కాదు, ఏ స్టేషన్‌లో ఏ పాట వెయ్యాలో చాలావరకు అక్కడున్న డీజే ఇష్టం, అందుకే ఈ పద్ధతి పనిచేసింది. ఎదురుగా ఒకావిడ ప్రయాణం బడలికతో నిలబడి అమాయకంగా నవ్వుతూ మాట్లాడుతుంటే పెట్టెలో మూలన పడున్న రికార్డు బయటికి తీసి వేసినవాళ్లు చాలామందే. పాట బిల్‌బోర్డ్ కంట్రీ చార్ట్‌లో 14వ స్థానం దాకా వెళ్లింది. పేరు కూడా ఎవరూ వినని కంపెనీ నుంచి వచ్చిన రికార్డు, అదీ కొత్తమ్మాయిది, అంత దూరం వెళ్లడం ఎంత పెద్ద విషయమో చెప్పలేను. ఇంకో సంగతి కూడా గమనించాలి, అన్ని స్టేషన్లలో కూర్చుని మైకు ముందు మాట్లాడి మాట్లాడి ఆవిడకి జనంతో ఎలా మాట్లాడాలో అక్కడే వచ్చేసింది. పాడేటప్పుడు ఇంకా కిటీ వెల్సే, మాట్లాడేటప్పుడు మాత్రం బుచర్ హాలో యాసలో అచ్చంగా తనే.

అలా అలా నాష్‌విల్ చేరారు. ఆప్రీ జరిగే రైమన్ ఆడిటోరియం ముందు కారు పెట్టుకుని ఆ రాత్రి కార్లోనే పడుకున్నారట. చిన్నప్పుడు బ్యాటరీ దాచుకుని విన్న ఆ స్టేజీ మీద 1960 అక్టోబర్ 15న లొరెట్టా పాడింది. ఏం పాడానో ఎలా పాడానో ఏమీ గుర్తులేదు, కాలితో తాళం వేయడం ఒక్కటే గుర్తుందని తర్వాత చెప్పుకుంది.

నాష్‌విల్‌లో విల్బర్న్ బ్రదర్స్ అని టెడ్డీ, డాయిల్ అనే అన్నదమ్ములు వాళ్లని చేరదీశారు. వాళ్లకి పాటల పబ్లిషింగ్ కంపెనీ ఉంది, షూర్ ఫైర్ అని, దాంట్లో లొరెట్టా చేత డెమోలు, అంటే పాట ఎలా ఉంటుందో వినిపించడానికి చేసే నమూనా రికార్డింగులు పాడించేవాళ్లు. ఇక్కడొక మంచి కథ ఉంది. డెక్కా అనే పెద్ద రికార్డు కంపెనీ ప్రొడ్యూసర్ ఓవెన్ బ్రాడ్లీకి ఒక పాట డెమో వినిపించారు, 'ఫూల్ నంబర్ వన్', పాడింది లొరెట్టా. ఆయనకి పాట నచ్చింది, అప్పటికే పేరున్న సింగర్ బ్రెండా లీ చేత పాడిస్తానన్నాడు, పాడిన అమ్మాయి మీద అంత ఆసక్తి చూపించలేదు, కిటీ వెల్స్ లాంటి గొంతు మా దగ్గర కిటీ వెల్సే ఉంది కదా అని. విల్బర్న్ వాళ్లు ఏమన్నారంటే, పాట కావాలంటే ఈ అమ్మాయిని కూడా తీసుకోవాలి అన్నారు. తీసుకున్నాడు. ఆ పాట బ్రెండా లీకి పెద్ద హిట్ అయింది, లొరెట్టాకి డెక్కాలో చోటు దొరికింది. ఇదే విల్బర్న్ వాళ్లతో రాసుకున్న అగ్రిమెంట్ల గురించి తర్వాత ఎన్నో ఏళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సొచ్చింది, ఆవిడ పాటల హక్కులన్నీ వాళ్ల కంపెనీ దగ్గరే ఉండిపోయాయి, ఆ కోపంతో ఒక దశలో పాటలు రాయడమే తగ్గించేసింది. చేరదీసిన చెయ్యే కట్టేసింది కూడా, రెండూ నిజమే.

నాకు నచ్చేది ఏంటంటే బ్రాడ్లీ మొదట వద్దనుకున్న కారణం న్యాయమైందే. అప్పటికి ఆవిడ నిజంగానే ఇంకో కిటీ వెల్స్. ఆ తర్వాత ఆ స్టూడియోలో ఓపిగ్గా కూర్చుని ఆ పూత ఒలిచింది కూడా ఆయనే. 1962లో 'సక్సెస్' పాట 6 దాకా వెళ్లింది, అదే ఏడాది ఆప్రీలో పర్మనెంట్ మెంబర్ అయింది.

అప్పటికే పెద్ద పేరున్న కంట్రీ సింగర్ ప్యాట్సీ క్లైన్ సంగతి దగ్గర నేనెప్పుడూ ఆగిపోతా. 1961 జూన్‌లో నాష్‌విల్‌లో ప్యాట్సీకి ఘోరమైన కారు యాక్సిడెంట్ అయింది, అద్దంలోంచి బయటికి విసిరేసినట్టు పడింది, మొహమంతా కుట్లు. ఆ రోజుల్లోనే శనివారం ఆప్రీ అయ్యాక కంట్రీ సింగర్ ఎర్నెస్ట్ టబ్ రికార్డ్ షాపులో మిడ్‌నైట్ జాంబొరీ అని రేడియో ప్రోగ్రాం ఉండేది, దాంట్లో లొరెట్టా ప్యాట్సీ పాటే 'ఐ ఫాల్ టు పీసెస్' పాడి, ఆస్పత్రిలో ఉన్న ప్యాట్సీకి అని చెప్పింది. ఆస్పత్రి మంచం మీద రేడియో వింటున్న ప్యాట్సీ వెంటనే మొగుడు చార్లీ డిక్‌ని పంపించింది, ఆ అమ్మాయెవరో తీసుకురా అని. కట్లు కట్టుకుని పడుకున్న మనిషి దగ్గరికి ఈవిడ బెరుకుబెరుకుగా వెళ్లడం, అక్కణ్నుంచి ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా అయిపోవడం. నిజానికి ఇద్దరిదీ ఒకే ఈడు, ప్యాట్సీ కూడా 1932లోనే పుట్టింది, కానీ ఊళ్లో ముందు నుంచీ ఉన్న మనిషి కాబట్టి పెద్దరికం తీసుకుంది. బట్టలిచ్చింది, ఇంటికి కర్టెన్లు ఇచ్చింది, మేకప్ ఎలా వేసుకోవాలో, స్టేజీ మీద ఎలా నిలబడాలో, డబ్బులు ముందు తీసుకోకుండా పాడకూడదని, మొగుడు కేకలేస్తే నోరు మూసుకుని పడుండక్కర్లేదని కూడా నేర్పింది.

ఇంకొకటి. లొరెట్టాకి వరసగా ఆప్రీలో చాన్సులు వస్తుంటే మిగతా ఆడ సింగర్లు కొందరికి మండింది, ఈ కొత్తదాన్ని ఎలాగైనా ఆపాలని ఒక మీటింగ్ పెట్టుకున్నారట. పిలుపు లొరెట్టాకి కూడా వచ్చింది, ప్యాట్సీకీ వచ్చింది. లొరెట్టా ఏడుస్తుంటే ప్యాట్సీ తనే వచ్చి, తయారవ్వు వెళ్దాం అని చెయ్యి పట్టుకుని ఆ మీటింగ్‌కి తీసుకెళ్లి మధ్యలో కూర్చోబెట్టింది. ఆవిడ పక్కనుండగా ఒక్కరూ నోరెత్తలేదు. లొరెట్టా ఈ కథ ఎన్ని ఇంటర్వ్యూల్లో చెప్పిందో, పేర్లు మాత్రం బయటపెట్టలేదు, నాకు అది కూడా గొప్పగానే అనిపిస్తుంది. 1963 మార్చి 5న ప్లేన్ క్రాష్‌లో ప్యాట్సీ పోయింది, 30 ఏళ్లకే. ఇద్దరి స్నేహం రెండేళ్లు కూడా లేదు. 1964లో లొరెట్టాకి కవల ఆడపిల్లలు పుడితే ఒకరికి ప్యాట్సీ అని పేరు పెట్టుకుంది.

ప్యాట్సీ పోయాక వచ్చిన పాటలు వరసగా వింటే మార్పు మెల్లగా తెలుస్తుంది. 'బిఫోర్ ఐయామ్ ఓవర్ యూ', 'వైన్ విమెన్ అండ్ సాంగ్', 'బ్లూ కెంటకీ గర్ల్', అన్నీ టాప్ టెన్‌లోకి వెళ్లినవే, కానీ రాసింది వేరేవాళ్లు. దీనంగా ఉన్న పాటల్లో ఇంకా పాత విరుపులు వినిపిస్తాయి, కొంచెం పొగరున్న పాట వచ్చేసరికి గొంతు ఒక్కసారి ముందుకి దూకుతుంది, అక్షరాల్ని గట్టిగా నొక్కుతుంది. ఈ మధ్యలోనే విల్బర్న్ బ్రదర్స్ టీవీ షోలో రెగ్యులర్‌గా కనిపించడం, ఊరూరా బస్సులో షోలు, ఎర్నెస్ట్ టబ్ లాంటి పెద్దాయనతో డ్యూయెట్లు. షో అయ్యాక ఆటోగ్రాఫ్ కోసం వచ్చే ఆడవాళ్లు ఆవిడతో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లట, మొగుడి గురించి, పిల్లల గురించి.

1966 మొదట్లో 'డియర్ అంకుల్ సామ్' వచ్చింది, అంకుల్ సామ్ అంటే అమెరికా ప్రభుత్వానికి ముద్దుపేరు, వియత్నాం యుద్ధానికి మొగుణ్ని పంపిన భార్య రాసిన ఉత్తరంలాంటి పాట, ఇది తన సొంత రచన. యుద్ధం మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్క ఉండదు, నాకు మా ఆయన కావాలి అంతే. 4 దాకా వెళ్లింది.

అదే ఏడాది ఆ రెండో పాట. ఒక ఊళ్లో షోకి ముందు ఒకావిడ తెర వెనక్కి వచ్చి ఏడ్చింది, మా ఆయన షోకి నన్ను కాకుండా ఇంకో దాన్ని తీసుకొచ్చాడు, ముందు వరసల్లోనే కూర్చున్నారు చూడండి అని. లొరెట్టా తెర పక్కకి జరిపి ఆ వచ్చినదాన్ని చూసింది. ఇటు తిరిగి ఈవిడ వైపు చూసింది. నీ మొగుణ్ని లాక్కునేంత సీన్ ఆవిడకి లేదు అంది. అదే పాట అయిపోయింది, డ్రెసింగ్ రూమ్‌లో కూర్చుని అప్పటికప్పుడు రాసేసిందట.

ఇప్పుడు రెండు పాటలూ పక్కపక్కన పెట్టండి. 1960లో కూడా ఎదురుగా ఏడుస్తున్న ఆడమనిషే, 1966లో కూడా ఎదురుగా ఏడుస్తున్న ఆడమనిషే. మొదటిసారి ఏడుస్తున్న మనిషి గొంతుతో రాసింది, అందుకే గొంతు కోసం కిటీ వెల్స్ దగ్గరికి వెళ్లాల్సొచ్చింది, ఏడుపు పాటకి అప్పటికే ఒక పద్ధతి తయారుగా ఉంది. రెండోసారి ఏడుస్తున్న మనిషికి తను ఏం సమాధానం చెప్పిందో అది రాసింది. స్ట్రాబెరీ తోటలో పక్కన కూర్చున్నావిడకి చెప్పినట్టు, ప్యాట్సీ తనకి చెప్పినట్టు. సమాధానం చెప్పే ఆడమనిషి కంట్రీ పాటల్లో అంతకు ముందు అసలే లేదని కాదు, కిటీ వెల్స్ 1952 పాట కూడా మగాళ్లకి సమాధానమే, కానీ అందులో తల ఇంకా వంచే ఉంది. ఇందులో తల ఎత్తింది. ఆ యాస చూడండి, రేడియో స్టేషన్లలో మాట్లాడిన ఆ బుచర్ హాలో యాస మొత్తం పాటలోకి వచ్చేసింది. పాట 2 దాకా వెళ్లింది.

వెంటనే 'డోంట్ కమ్ హోమ్ ఎ డ్రింకిన్'' వచ్చింది, చెల్లెలు పెగ్గీ సూతో కలిసి రాసింది, తాగొచ్చి మీద చెయ్యి వేస్తానంటే కుదరదు అని మొగుడి మొహం మీదే చెప్పే పాట. 1967 ఫిబ్రవరిలో ఆవిడకి మొదటి నంబర్ వన్ అదే. డూలిటిల్ తాగేవాడు, బయట సంబంధాలుండేవి, ఇంట్లో కొట్లాటలు మామూలు కాదు, ఈవిడ కూడా తిరిగి కొట్టేదాన్నని చెప్పుకుంది. గిటార్ కొనిచ్చిందీ, వేల మైళ్లు కారు నడిపిందీ, ఈ పాటకి కారణమైందీ ఒకటే మనిషి. అభిమానుల్లో కొంతమంది ఆయన్ని దేవుణ్ని చేస్తారు, కొంతమంది రాక్షసుణ్ని చేస్తారు, 1996లో ఆయన పోయేదాకా ఆవిడ ఆయనతోనే ఉంది, ఆయన చేసినవి దాచిపెట్టనూ లేదు, పాటలుగా రాసి ఆయన ముందే స్టేజీ మీద పాడింది.

వినేవాళ్లకి ఒక చిన్న రిక్వెస్ట్, తర్వాత వచ్చిన లైవ్ రికార్డింగులు కాకుండా ముందు డెక్కా వాళ్ల ఒరిజినల్స్ వినండి. హాంకీ టాంక్ గర్ల్, సక్సెస్, వైన్ విమెన్ అండ్ సాంగ్, డియర్ అంకుల్ సామ్, ఉమన్ ఎనఫ్, డ్రింకిన్, ఈ వరసలోనే. మొదటిది మాత్రం జీరో వాళ్ల రికార్డింగే దొరికితే అది పెట్టుకోండి, స్పీడీ వెస్ట్ అందులోనే ఉన్నాడు. మొత్తం కలిపి ఇరవై నిమిషాలు కూడా పట్టదు.